‘ఒన్స్‌మోర్’ అన్నారు... మైకు మూగబోయింది!

అర్ధరాత్రి దాటి రెండు గంటలైంది. పెద్దాపురంలో ఆషాఢ మాసం, మరిడమ్మ తల్లి జాతర. వీధి సంబరంలో కట్టిన వేదిక మీద ‘సత్య హరిశ్చంద్ర’ కాటి సీను నడుస్తోంది. జనం అంటే జనం! ముందు చాపలు, చాపల వెనక కుర్చీలు, కుర్చీల వెనక మోటారు సైకిళ్ళ మీద కూర్చున్న కుర్రకారు, వాళ్ళ వెనక జీళ్ళ కొట్లు, ఖర్జూరం కొట్లు. మా హరిశ్చంద్రుడు పద్యం ముగించి రాగం మెల్లగా దింపారు. డెబ్బై ఒకటో ఏట ఉన్న మనిషి. జనం లేచి నిలబడ్డారు.

“ఒన్స్‌మోర్! ఒన్స్‌మోర్!”

ఆయన చిన్నగా నవ్వి, హార్మోనియం వైపు ఒక్క చూపు చూసి, పద్యం మళ్ళీ అందుకున్నారు.

పెదవులు కదులుతున్నాయి. చెయ్యి లేచింది. మెడ నరాలు ఉబ్బాయి. మాట మాత్రం వినపడ్డం లేదు!

హార్మోనియం మోగుతోంది. తబలా మోగుతోంది. శ్మశానంలో నక్కలు కూస్తున్నాయి. ఆ నక్కలు నావే, లాప్‌టాప్‌లోంచి కూస్తున్నాయి. ఒక్క హరిశ్చంద్రుడే మూగవాడయ్యాడు. నేనేమో ఆఖరి వరసలో జీళ్ళ కొట్టు పక్కన, చేతిలో ట్యాబ్ పట్టుకుని నిలబడ్డాను. ట్యాబ్ మీద ఆయన మైకు గీత ఎక్కడుండాలో అక్కడే ఉంది. పచ్చగా, నిండుగా, నవ్వుతూ!

ఇది 2019 నాటి మాట. ఆ రాత్రి ముద్దాయిని నేనే.

మైకు సెట్టు ఇల్లు

నేను పుట్టింది మైకు సెట్టు ఇంట్లో. మా నాన్న 1974లో రెండు హారన్లు, ఒక యాంప్లిఫయరు, నాలుగు మైకులతో వ్యాపారం పెట్టారు. పెళ్ళిళ్ళకీ, శ్రీరామనవమి పందిళ్ళకీ, ఎన్నికలకీ ఆ సెట్టే. అయితే ఆయన మనసు మాత్రం నాటకాల మీదే ఉండేది. ఉండదూ మరి? నటీమణి అంజలీదేవి పుట్టిన ఊరండీ ఇది! ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు ఎస్.వి. రంగారావు గారి లాంటి మహానటుణ్ణి తయారుచేసి మద్రాసుకి పంపింది. ‘సువర్ణసుందరి’కి బాణీలు కట్టిన ఆదినారాయణరావు గారు కూడా ఆ రంగస్థలం నీళ్ళు తాగినవారే. మా ప్రాంతంలో నాటకం సరిగ్గా వినిపించకపోతే ‘మైకోడు ఎవడ్రా?’ అని చీకట్లోంచి కేక వస్తుంది. ఆ కేక పడకుండా నలభై ఏళ్ళు నడిపారు నాన్న.

అప్పట్లో మైకులు వేదిక ముందు తాళ్ళకి వేలాడేవి. వచనం ఎక్కడ నిలబడి చెప్పినా, పద్యం వచ్చేసరికి పాత్రధారి నడుచుకుంటూ వచ్చి మైకు కింద నిలబడాల్సిందే. నిండు సభలో ఒకరి మీద ఒకరు పళ్ళు కొరుక్కునే భీముడూ, దుర్యోధనుడూ ఒకే మైకు కింద భుజాలు రాసుకుంటూ పాడడం నేను కళ్ళారా చూశాను.

నాన్నకి ఇంకో ఇబ్బంది ఉండేది. యాంప్లిఫయరు వేదిక పక్కన, వినేవాళ్ళు ముందు. పక్కన కూర్చున్నవాడికి ఆఖరి వరసలో ఎలా వినపడుతోందో ఎలా తెలుస్తుంది? అందుకని నన్ను ఆఖరి వరసలో నిలబెట్టి భుజాన తువ్వాలు వేసేవారు. తువ్వాలు పైకెత్తితే శబ్దం పెంచాలి. చంకలో పెట్టుకుంటే తగ్గించాలి. భుజం మీదే ఉంటే అంతా బాగున్నట్టు. ఎనిమిదేళ్ళ వయసులో మా ఊరి నాటకాల శబ్దం నా తువ్వాలు మీద ఆధారపడి ఉండేదంటే నమ్మండి!

ఇంతకీ ట్యాబ్ కొన్నది ఆ తువ్వాలు కోసమే. మిక్సరు వేదిక దగ్గరే ఉంటుంది. నేను మాత్రం జనం మధ్య తిరుగుతూ, వాళ్ళు వింటున్నదే వింటూ, వేలితో శబ్దాన్ని సరిచేసుకోవచ్చు. పంపించేవాడూ నేనే, అందుకునేవాడూ నేనే. మొదటిసారి అలా నడిచి వెళ్ళినప్పుడే ఒక చిత్రం బయటపడింది. వెనక స్తంభానికి కట్టిన స్పీకర్లలోంచి మాట ముందు వినిపించి, వేదిక మీది మాట ఆ తరవాత నింపాదిగా వస్తోంది. ధ్వని మీటరు దూరం నడవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. నలభై మీటర్ల అవతల ఉన్న స్తంభానికి 117 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టాక మాట ఒక్కటైంది. పక్కన కూర్చుని ఉంటే నాకీ సంగతి జన్మకి తెలిసేది కాదు.

రాసిపెట్టిన మిక్సింగు

ఇప్పుడు వేలాడే మైకులు పోయి కాలర్ మైకులు వచ్చాయి. ఆహార్యంలో దాగిపోతాయి. పాత్రధారి వేదికంతా తిరుగుతూ పాడొచ్చు. బాగానే ఉంది కదా అనుకుంటారు. ఉంది... ఎనిమిది మంది ఎనిమిది మైకులు పెట్టుకునేంత వరకే బాగుంది!

ఇక్కడో లెక్క చెప్పాలి. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైనప్పుడల్లా, మైకు ‘కుయ్‌య్’ మని కూత పెట్టకముందు మనం పెంచుకోగలిగే శబ్దంలో 3 డెసిబెల్స్ తరుగుపోతుంది. ఒక్క మైకే తెరిచినప్పటికంటే ఎనిమిదీ తెరిస్తే 9 డెసిబెల్స్ తక్కువ. పైగా తెరవెనక ఎవరో టీ చప్పరించిన చప్పుడు కూడా ఊరంతా వినపడుతుంది. నక్షత్రకుడు తెర వెనక బీడీ అడగడం ఒకసారి సామర్లకోట రోడ్డు దాకా వినిపించిందని మావాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు. కాబట్టి మాట్లాడేవాడి మైకు తెరవాలి, తక్కినవి మూయాలి. తెల్లవార్లూ ప్రతి ప్రవేశానికీ, ప్రతి నిష్క్రమణకీ ఇదే పని. నాకున్నవి రెండే చేతులు.

అందుకే స్క్రిప్టు రాశాను. సినిమావాళ్ళ స్క్రిప్టు కాదండోయ్! కంప్యూటరుకి చెప్పే పనుల జాబితా. రంగస్థలం ఎరిగినవాళ్ళకి తేలిగ్గా చెప్పాలంటే ప్రాంప్టరు పుస్తకం లాంటిది. సైడ్ వింగు చాటున నిలబడి, పుస్తకం పట్టుకుని, ఎవరి తరవాత ఎవరో చూసుకునే ప్రాంప్టరు ఉంటాడు చూశారూ, అతగాడి పని లాప్‌టాప్ చేస్తుంది. ‘37వ ఘట్టం: చంద్రమతి మైకు తెరువు, నక్షత్రకుడి మైకు మూయి, హార్మోనియం కొంచెం దించు.’ ఇలా నాటకమంతా వరసగా రాసిపెట్టుకుని, ట్యాబ్ మీద ‘ముందుకు’ అనే బొత్తాం నొక్కితే అన్నీ ఒకేసారి జరిగిపోతాయి.

ఈ మాటలు మిక్సరుకి ఎలా చేరతాయి? దానికో భాష ఉంది. పేరు ఓపెన్ సౌండ్ కంట్రోల్, పొట్టిగా ఓఎస్‌సీ. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయం సంగీత ప్రయోగశాలలో మాట్ రైట్, ఏడ్రియన్ ఫ్రీడ్ అనేవాళ్ళు 1997లో దాన్ని తయారుచేశారు. అంతకుముందు 1983 నుంచీ ఉన్న మిడి భాషలో అంతా అంకెలే. ఇందులో ప్రతి మీటకీ పోస్టు చిరునామా లాంటి పేరుంటుంది. ఫలానా ఛానల్, అందులో మిక్స్, అందులో ఫేడర్ అని ఏటవాలు గీతలతో విడదీసి రాసి, పక్కన 0.75 అని వేస్తే మా మిక్సరులో ఆ ఫేడరు వెళ్ళి 0 డెసిబెల్స్ గీత దగ్గర ఆగుతుంది. సున్నా వేస్తే నిశ్శబ్దం. ఒకటి వేస్తే... వెయ్యకండి!

వేలి కింద అద్దం పెట్టుకుని శబ్దాన్ని నడపడం 2005 ప్రాంతంలో ఫ్రాన్సు వాళ్ళ ‘లీమర్’ అనే పలకతో ఊపందుకుంది. 2008లో ‘టచ్ ఓఎస్‌సీ’ వచ్చాక అదే పని జేబులో ఫోనుతో చేసుకోవచ్చని తేలింది. 2010లో ఐప్యాడ్ వచ్చాక పలక పెద్దదైంది. పెద్దాపురం దాకా రావడానికి దానికి మరి కొన్నేళ్ళు పట్టింది, అంతే.

సినిమాలో లేని చిక్కు

మన మద్రాసు రీరికార్డింగ్ థియేటర్లలో మాటలు ఒక ట్రాకు, సంగీతం ఒక ట్రాకు, అడుగుల చప్పుళ్ళూ తలుపుల చప్పుళ్ళూ వేరే ట్రాకు. అన్నిటినీ బొమ్మతోపాటు తిప్పుతూ శబ్దగ్రాహకులు కలిపేవారు. వెయ్యి అడుగుల రీలంటే సుమారు 11 నిమిషాలు. పాత పద్ధతిలో పదో నిమిషంలో చెయ్యి జారితే రీలు మళ్ళీ మొదటికి! ఆ తరవాత ఇంగ్లండులో నీవ్ కంపెనీవాళ్ళు 1977లో నెకామ్ అనే ఏర్పాటు తెచ్చారు. మిక్సింగు మనిషి చేతి కదలికల్ని యంత్రం గుర్తుపెట్టుకుని, మరోసారి ఫేడర్లని తనే కదిపేది. రాసిపెట్టిన మిక్సింగు అనే ఆలోచన అలా స్టూడియోల్లో స్థిరపడింది.

సినిమాకి అది చక్కగా అమరుతుంది. ఎందుకంటే బొమ్మ పొడుగు మారదు. కె.వి. రెడ్డి గారు 1965లో ఎన్.టి. రామారావు గారితో తీసిన ‘సత్య హరిశ్చంద్ర’ ఇవాళ వేసినా, ఆ రోజు పద్యం ఎంతసేపు నడిచిందో ఈ రోజూ అంతసేపే నడుస్తుంది. టూరింగు టాకీసుల్లో ఆపరేటర్ని బెదిరించి పాట రీలు మళ్ళీ వేయించుకున్న ఘనులు లేకపోలేదు గానీ, అప్పుడు కూడా పాడినవాడికి అలుపు రాదు, పాట పొడుగు మారదు.

మా నాటకం అలా కాదే! బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి పుస్తకంలో ఉన్నదానికి కాటి సీనులో జాషువా గారి శ్మశానవాటి పద్యాలు చేర్చి పాడడం ఎప్పటినుంచో ఆనవాయితీ. ఏ పద్యానికి రాగం ఎంతసేపు తీస్తారో గాయకుడి గొంతుని బట్టి, జనాన్ని బట్టి, ఒక్కోసారి వేళని బట్టి ఉంటుంది. ఆ పైన ఒన్స్‌మోర్! అది ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు.

నా స్క్రిప్టులో ఒన్స్‌మోర్‌కి చోటు లేదు. ‘ముందుకు’ ఉంది, ‘వెనక్కి’ ఉంది. ‘ఏముంది, మళ్ళీ పాడితే వెనక్కి నొక్కుతాం’ అనుకున్నాను. అక్కడే బోల్తాపడ్డాను.

మైకు లేని గొంతు

ఆ రాత్రికి వస్తాను. పద్యం అయిపోయిందనుకుని ‘ముందుకు’ నొక్కాను. తరవాతి ఘట్టంలో హరిశ్చంద్రుడి మైకు 4 సెకన్లలో మెల్లగా దిగిపోవాలి, నక్కలు కూయాలి, చంద్రమతి ఏడుస్తూ రావాలి. అంతలో ఒన్స్‌మోర్ మోగింది. వెంటనే ‘వెనక్కి’ నొక్కాను. ట్యాబ్ మీద గీత యథాస్థానానికి వచ్చింది. మాట మాత్రం రాలేదు.

నాకు తట్టిందల్లా ఒక్కటే. కాలర్ మైకు బ్యాటరీ పోయి ఉంటుంది! ట్యాబ్ చంకలో పెట్టుకుని జనాన్ని తోసుకుంటూ వేదిక వైపు పరిగెత్తాను. చాపల మీద కూర్చున్న ముసలమ్మ ఒకావిడ కాలు తొక్కాను. ఆవిడ తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను.

ఈలోగా మాస్టారు ఏం చేశారో తెలుసా? పాడడం ఆపలేదు. రెండో పాదం మధ్యలో తన గొంతు తనకి స్పీకర్లలోంచి తిరిగి వినపడ్డం లేదని కనిపెట్టారు. నాలుగడుగులు ముందుకేసి వేదిక అంచుకి వచ్చారు. గుండెల నిండా గాలి పీల్చి, మైకులు లేని రోజుల్లో పాడినట్టు, ఉత్త గొంతుతో ఎత్తుకున్నారు. ముందున్న నాలుగు వరసలు స్తంభించిపోయాయి. వెనకవాళ్ళకి వినపడక ఈలలు, కేకలు. ‘మైకోడు ఎవడ్రా?’ అనే కేక కూడా వచ్చింది. నలభై ఏళ్ళుగా మా ఇంటి మీద పడని కేక!

మూడో పాదం దాటింది. నాలుగో పాదంలో పై స్థాయికి వెళ్ళబోయి గొంతు చీలింది. దగ్గు వచ్చింది. వంగి, కాటి కర్ర ఆసరాగా పట్టుకుని, దగ్గుతూ ఉండిపోయారు. కొందరు నవ్వారు. నేను లాప్‌టాప్ దగ్గరికి చేరి మైకు తెరిచేసరికి ఊరంతా వినిపించింది ఆ దగ్గే.

నాటకం ఎలాగో పూర్తయింది. తెల్లవారుజామున మేకప్ తుడుచుకుంటూ ఆయన నా వైపు చూడలేదు. మా నాన్నతో మాత్రం ఒక్క మాట అన్నారు. “నీ చేత్తో అయితే ఇలా జరిగేది కాదయ్యా.” ఆయన సంచి తీసుకుని మొదటి బస్సెక్కి వెళ్ళిపోయారు. తరవాత రెండు ఊళ్ళలో ఒప్పుకున్న నాటకాలు కూడా మానేశారు. ‘గొంతు బాగాలేదు’ అని కబురు పంపించారు. బాగాలేనిది గొంతు కాదని మాకు తెలుసు.

పలక చెప్పిన అబద్ధం

మూడు రోజులు లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తప్పు దొరికింది. ఒకటి కాదు, రెండు.

మొదటిది. 4 సెకన్లలో మైకు దించమంటే నా స్క్రిప్టు సెకనుకి 20 చొప్పున చిన్న చిన్న ఉత్తరాలు పంపుతుంది. ఇంకొంచెం దించు, ఇంకొంచెం దించు అని. నేను ‘వెనక్కి’ నొక్కేసరికి రెండు సెకన్లే గడిచాయి. 0.75కి వెళ్ళమని కొత్త ఉత్తరం వెళ్ళింది, మిక్సరు విన్నది కూడా. కానీ పాత దింపుడిని ఆపమని ఎవరూ చెప్పలేదు! మిగిలిన 40 ఉత్తరాలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళి, పైకి లేచిన మైకుని మళ్ళీ కిందికి లాగేశాయి. ఇద్దరు ప్రాంప్టర్లు చెరో వింగులో నిలబడి చెరో పుస్తకం చదివినట్టయింది.

రెండోది ఇంకా ఘోరం. ఆ ట్యాబ్ నాకు చూపించింది మిక్సరులో ఉన్న సంగతి కాదు, స్క్రిప్టు అనుకుంటున్న సంగతి. ఈ ఉత్తరాలు పోస్టుకార్డుల్లాంటివి. వేసేస్తే వేసినట్టే, రసీదు రాదు. మిక్సరు తన అసలు స్థితి తిరిగి చెప్పాలంటే మా రకం పెట్టెని ముందుగా అడగాలి. ఒకసారి అడిగితే 10 సెకన్లపాటే చెబుతుంది. ఆ లోపల మళ్ళీ అడుగుతూ ఉండాలి. నేను నాటకం మొదట్లో ఒక్కసారి అడిగి ఊరుకున్నాను. అంటే తొలి తెర లేచిన పది సెకన్ల తరవాత నుంచీ తెల్లవార్లూ నా చేతిలో ఉన్నది చిత్రపటమే! అందులో మైకు తెరిచి ఉంది కాబట్టి నేను బ్యాటరీ కోసం పరిగెత్తాను. నా చెవిని నమ్మి వేలితో గీతని ఒక్కసారి కదిపి ఉంటే రెండు క్షణాల్లో మాట వచ్చేది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

మరమ్మతు చెప్పడానికి తేలికే. ఒక ఫేడరుకి ఒకేసారి ఒక్కడే యజమాని. కొత్త ఆజ్ఞ రాగానే పాతది చచ్చిపోవాలి. స్క్రిప్టు ఏమనుకున్నా సరే, వేలు గీత మీద పడితే వేలిదే గెలుపు. వేలు తీసేదాకా స్క్రిప్టు ఆ గీత జోలికి రాకూడదు. ట్యాబ్ మీద కనిపించేది మిక్సరు స్వయంగా చెప్పిందే కావాలి. పది సెకన్లకి గడువు తీరకముందే, ఏడో సెకనులో మళ్ళీ అడగాలి. జవాబు రాకపోతే గీత ఎర్రబడాలి. లాప్‌టాప్‌కీ మిక్సరుకీ మధ్య గాలిలో మాటలు వద్దు, తీగే ఉండాలి. జాతరలో వేల ఫోన్లు ఒకే గాలిలో కేకలేస్తుంటాయి. ట్యాబ్ ఒక్కటే వైఫై మీద, అదీ రద్దీ తక్కువగా ఉండే 5 గిగాహెర్ట్‌జ్ దారిలో. ట్యాబ్ చచ్చిపోయినా తెరిచిన మైకులు తెరిచినట్టే ఉండాలి.

వాన సంగతి మర్చిపోయాను! ఆషాఢమంటే తుంపర ఉంటుంది కదా. తడి చుక్క పడితే అద్దం దాన్ని వేలనుకుంటుంది. ఒకసారి ఇంటి అరుగు మీద పరీక్ష చేస్తుంటే చూరునీళ్ళు ‘ముందుకు’ నొక్కి నాటకాన్ని మూడు ఘట్టాలు నడిపించేశాయి. అప్పటినుంచీ నొక్కే బొత్తాం తీసేసి, ఎడమ నుంచి కుడికి లాగే పట్టీ పెట్టాను. చినుకులు నొక్కగలవు గానీ లాగలేవు.

ఎర్ర పెన్సిలు గుర్తులు

అన్నీ సరిచేశాను సరే, పాడేవాడేడి? 2020లో కరోనా వచ్చి నాటకాలే ఆగిపోయాయి. ఆ మరుసటేడు కాస్త తెరిపి ఇచ్చాక నాన్న నన్ను బండి ఎక్కించుకుని... కాదు, నేనే నాన్నని ఎక్కించుకుని మాస్టారి ఊరికి బయల్దేరాను. ట్యాబ్, చిన్న స్పీకరు, ఒక మైకు సంచిలో వేసుకున్నాను.

ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. నాన్నని చూసి లేచారు. నన్ను చూసి కూర్చున్నారు.

“ఏరా అబ్బాయ్, మళ్ళీ ఆ పలకేనా?” అన్నారు.

“ఆయ్... అదేనండి మాస్టారూ. తప్పు నాదండి. ఎక్కడ జరిగిందో చెబుదామని వచ్చానండి.”

ఉత్తరాల కథంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు. ట్యాబ్ అందుకుని కళ్ళజోడు సవరించుకుని చూశారు. కాటి సీను పట్టీ మీద వేలు పెట్టి, “ఇందులో నా రాగం ఎక్కడుంది?” అన్నారు.

“లేదండి. అక్కడ టైము రాయలేదండి. ‘ఆగు’ అని ఉంటుంది. మీరు ముగించేదాకా అక్కడే ఆగుతుందండి.”

“నేను ముగించానని దానికెవరు చెబుతారు?”

“నేను చెప్పాలండి.”

“నీకెవరు చెబుతారు?”

నా దగ్గర జవాబు లేదు. ఆయన లోపలికి వెళ్ళి అట్ట ఊడిపోయిన నోటు పుస్తకం ఒకటి తెచ్చారు. ప్రాంప్టరు ప్రతి. పద్యాల పక్కన ఎర్ర పెన్సిలుతో అక్కడక్కడా చుక్కలు, కొన్నిచోట్ల రెండు చుక్కలు.

“ఇవి ఒన్స్‌మోర్ పడే చోట్లు. రెండు చుక్కలుంటే రెండుసార్లు అడుగుతారని. ఒన్స్‌మోర్ పద్యం అయ్యాక వస్తుందనుకుంటున్నావు నువ్వు. కాదురా. మూడో పాదంలోనే తెలిసిపోతుంది. జనం కదలడం మానేస్తారు. పిల్లలు కూడా ఏడవరు. అది చూసుకో. అప్పుడు నీ పలకని పట్టుకు ఆపు.”

నాన్న అప్పటిదాకా మాట్లాడలేదు. “నేనూ అదే చూసుకునేవాణ్ణి” అన్నారు నెమ్మదిగా. నాకెప్పుడూ చెప్పలేదేం అని అడగాలనిపించింది. అడగలేదు.

ఆ సాయంత్రం మూడు గంటలు కూర్చుని ఎర్ర చుక్కలన్నీ స్క్రిప్టులోకి ఎక్కించాను. చుక్క ఉన్న ప్రతి చోటా పట్టీకి తాళం పడుతుంది. మామూలుగా లాగితే కదలదు, రెండు వేళ్ళతో లాగితేనే ముందుకు వెళుతుంది. పక్కన ‘ఒన్స్‌మోర్’ అని ఓ పెద్ద పసుప్పచ్చ బొత్తాం. అది తాకితే నక్కలు నోరు మూస్తాయి, హార్మోనియం లేస్తుంది, నడుస్తున్న దింపుళ్ళన్నీ అక్కడికక్కడ చచ్చిపోతాయి, ఆయన మైకు తెరుచుకుంటుంది. అది వాన చుక్క తాకినా నష్టం లేదు. ఎవరి మైకునీ మూయదు కదా!

మాస్టారు స్పీకరులో రెండు పద్యాలు పాడి చూశారు. కావాలని మధ్యలో ఆపారు, మళ్ళీ ఎత్తుకున్నారు, రాగం ఎక్కడెక్కడికో తీసుకుపోయారు. పట్టీ కదలలేదు. “సరే” అన్నారు. “కానీ మీ నాన్న రావాలి.”

2022 ఆషాఢం

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే మా పెద్దాపురం తూర్పు గోదావరి జిల్లా నుంచి కొత్త కాకినాడ జిల్లాలోకి మారింది. జాతర మాత్రం మారలేదు. పైగా రెండేళ్ళ కరువు తీర్చుకోవాలన్నట్టు జనం! తుంపర పడుతూ ఆగుతూ ఉంది. ట్యాబ్‌కి ప్లాస్టిక్ కవరు తొడిగాను. నాన్నకి అప్పటికి డెబ్బై ఎనిమిది. ఆయన్ని ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. నేను జనం మధ్యలోకి వెళ్ళాను.

కాటి సీను మొదలయ్యేసరికి ఒంటిగంటన్నర. మాస్టారు గొంతు మునుపటంత లేదు. పై స్థాయి తగ్గించుకుని, మాటని ముందుకు తెచ్చి పాడుతున్నారు. మూడో పాదం వచ్చింది. నేను తల తిప్పి జనాన్ని చూశాను. జీళ్ళ కొట్టువాడు తూకం వెయ్యడం మానేసి నిలబడ్డాడు. వేలు పసుప్పచ్చ బొత్తాం మీదికి వెళ్ళింది.

“ఒన్స్‌మోర్!”

మాట ఎక్కడా తెగలేదు. ఆయన మళ్ళీ పాడారు. మళ్ళీ అడిగారు. మళ్ళీ పాడారు. నోటు పుస్తకంలో అక్కడున్నవి రెండు చుక్కలే. మూడోసారి కూడా కేకలు మొదలయ్యాయి. ఆయన చెయ్యెత్తి, “ఓపిక లేదు బాబూ!” అని నవ్వారు. ఆ మాట కూడా మైకులో స్పష్టంగా, చిట్టచివరి స్తంభం దాకా వినిపించింది. జనం చప్పట్లు కొట్టారు. నేను రెండు వేళ్ళతో పట్టీ లాగాను. నక్కలు కూశాయి.

చంద్రమతి ప్రవేశించింది. ట్యాబ్ చూసుకున్నాను. గీతలన్నీ పచ్చగా ఉన్నాయి, అన్నీ మిక్సరు స్వయంగా చెప్పినవే. శబ్దం సరిగ్గా సరిపోయిందనుకున్నాను.

ఎందుకో ముందు వరస వైపు చూశాను. నాన్న కుర్చీ ఖాళీగా ఉంది. గుండె గుభేలుమంది. వెతుక్కుంటూ వెనక్కి తిరిగితే, అల్లంత దూరాన జీళ్ళ కొట్టు దీపం పక్కన, చినుకుల్లో నిలబడి ఉన్నారు. తువ్వాలు చంకలో పెట్టుకున్నారు.

హార్మోనియం గీత మీద వేలు పెట్టి కాస్త దించాను. తల ఎత్తి చూశాను. తువ్వాలు ఇంకా చంకలోనే ఉంది. మరి కాస్త దించాను.

నాన్న తువ్వాలు తీసి దులిపి భుజాన వేసుకున్నారు.